చింత దేహమునందు చేయు పని

మిత్తి అను పదమును నేను బాల్యమున మందిరపు సాయంకాల తరగతిలో నేర్చుకొంటిని. మృత్యువు అను సంస్కృత పదమునకు అది తద్భవమని మా గురువుగారు నల్లబల్లపై వ్రాసి చెప్పిరి. ఆ పదమునకు మరియొక అర్థము కలదని నా వయస్సు ఏబది దాటిన పిమ్మట, 2023వ సంవత్సరము డిసెంబరు సెలవులలో, ఖతర్ దేశపు రాజధానియగు దోహా నగరమున తెలిసికొంటిని.

మా మేనకోడలు అచ్చట నర్సుగా పనిచేయుచున్నది. ఆమెను చూడబోయితిని. ఖతర్‌లో శుక్రవారము కార్మికులకు సెలవు దినము. ఆనాటి సాయంకాలము సముద్రపుటొడ్డునగల కార్నిష్ అను విహారస్థలమున కూర్చుండియుండగా వెనుక నుండి తెలుగు మాటలు వినబడెను. మా యిండ్లలో వాడుక భాష క్రియోలు. అట్టి మాకు పరదేశమున తెలుగు వినబడిన ఊరకుండుట కష్టము. లేచి పోయి పలుకరించితిని. ముప్పదియైదేండ్ల మనిషి, తెలంగాణలో జగిత్యాల జిల్లా పల్లెవాడు, కట్టడములలో సెంట్రింగు పని చేయుచున్నాడు. నా మాట విని, "సారూ, మీరు బడి పుస్తకం లెక్క మాట్లాడుతున్నరు" అని నవ్వెను. పని కష్టముగా నున్నదా యని యడిగితిని. "పనికేం బుగులు లేదు సారూ. మిత్తే నిద్ర పోనిస్తలేదు" అనెను.

నేను ఉలికిపడితిని. మృత్యుభయమున నిద్ర పట్టుట లేదని యర్థము చేసికొని, "నాయనా, నీకేమి జబ్బు?" అని యడిగితిని. అతడును, అతని మిత్రులును చాలసేపు నవ్విరి. వారి ప్రాంతమున మిత్తి యనగా వడ్డీ! నవ్వు అయిన పిమ్మట అతడు తన సంగతి చెప్పెను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చును, తెల్లవారువరకు లెక్కలే. ఆ యేడు రక్తపోటు కనబడినది, మాత్ర వేసికొనుచున్నాడు. టెన్షన్ తగ్గించుకొనుమని వైద్యుడు చెప్పెనట. "టెన్షన్ మనసుల ఉంటది గద సారూ, అది రక్తంలకు ఎట్ల ఎక్కుతది?" అని నన్నడిగెను. బడిపంతులనని తెలిసి యడిగిన ప్రశ్న. ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోతిని. ఇంటికి మరలివచ్చి చదివికొన్నదానిని ఇచ్చట వ్రాయుచున్నాను.

మన మూత్రపిండములపై, తలకు టోపీ పెట్టినట్లు, చెరియొక చిన్న గ్రంథి కలదు. ఒక్కొక్కటి నాలుగైదు గ్రాములు మాత్రమే తూగును. వృక్కమనగా మూత్రపిండము, దానిపై నుండునది గావున దీనికి అధివృక్క గ్రంథి యని పేరు. గ్రంథి యొకటియే గాని లోపల తయారగు సరకులు వేరు. నడిమి భాగమున అడ్రినలిను, చుట్టునుగల పైపొరలో కార్టిసాలు తయారై రక్తములో కలియును. ఇట్లు రక్తముతో పయనించి దూరముననున్న అవయవములకు కబురందించు రసములనే హార్మోనులందురు.

చెరకుతోటల నడుమ పోవుచుండగా ఒక కుక్క మీదికి వచ్చినదనుకొందము. భారతదేశపు పుస్తకములలో ఇట్టి చోట పామును చెప్పుదురు; మన ద్వీపమున విషసర్పములు లేవు గావున కుక్కతో సరిపెట్టుకొందము. క్షణకాలములో నరముల ద్వారా అధివృక్క గ్రంథికి కబురు చేరును. అడ్రినలిను వెలువడును. గుండె వేగముగా కొట్టుకొనును, శ్వాస హెచ్చును, జీర్ణక్రియ మందగించును, కాలేయము తాను దాచియుంచిన చక్కెరను రక్తములోనికి వదలును. పోరాడుటకో, పరుగెత్తుటకో దేహము సిద్ధమగును. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథమున దీనిని విపులముగా వర్ణించెను. ఆ విశ్వవిద్యాలయముననే, భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కేతో కలసి కండరములలోని ఏటీపీ అను శక్తి పదార్థమును 1929లో వెల్లడించిరి. అడ్రినలిను కాలేయ కణపు తలుపు తట్టినప్పుడు లోపల కబురు మోయునది ఆ ఏటీపీ నుండి తయారగు నొక పదార్థమే. దానిని కనిపెట్టిన ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ బహుమానము లభించెను. ఇది ప్రసంగవశమున చెప్పితిని. తెలుగువాని పేరు వచ్చినచోట ఆగక పోవుట నాకు చేతకాదు.

కుక్క పోయినది. అడ్రినలిను కొన్ని నిమిషములలో రక్తము నుండి తొలగిపోవును. కాని ఈ లోపల రెండవ కబురు బయలుదేరియున్నది. మెదడు అడుగుభాగమున నున్న హైపోథలామస్ దాని క్రిందనున్న పీయూష గ్రంథికి, పీయూష గ్రంథి రక్తము ద్వారా అధివృక్క గ్రంథికి తెలుపగా, కార్టిసాలు వెలువడును. ఇది నిదానముగా వచ్చు చుట్టము. ఆపద కలిగిన ఇరువది ముప్పది నిమిషములకు గాని దీని పాలు శిఖరమునందదు. వచ్చినది గంటసేపైన కదలదు. ఖర్చైన శక్తిని పూరించుటకు కాలేయముచే క్రొత్తగా చక్కెర చేయించును. రక్తపోటు పడిపోకుండ నిలుపును. వ్యాధినిరోధక శక్తి మితిమీరి మంట పెట్టకుండ పగ్గము పట్టును. అన్నిటికంటె ముఖ్యమైన పని మరియొకటి కలదు. అదియే మెదడునకు తిరిగిపోయి, "చాలును, ఇక పంపవలదు" అని చెప్పును. అప్పుడు హైపోథలామస్ శాంతించును.

కావున కార్టిసాలు విషము కాదు. అధివృక్క గ్రంథులు చెడి ఈ రసము లేకపోయినచో మనిషి క్షీణించి మరణించునని ఆంగ్ల వైద్యుడు థామస్ అడిసన్ వర్ణించిన వ్యాధి వలన 1855 నుండియు తెలిసియున్నది. ఆరోగ్యవంతునిలో ఇది ప్రతిదినము ఉదయము మేల్కొనిన అరగంటకు హెచ్చుగా నుండి, ప్రొద్దు వాలిన కొలది తగ్గుచు, నడిరాత్రికి అడుగంటును. మనలను ప్రొద్దుట లేపి పనికి పంపునదియు, రాత్రి విశ్రమింపజేయునదియు కొంతవరకు ఈ యెత్తుపల్లములే.

ఇప్పుడు కుక్క పోకుండ నిలిచినచో నేమగును? ఏండ్ల తరబడి ప్రతిరాత్రియు గుమ్మముకడ కూర్చుండినచో? మనిషి మెదడునకు ఎదుటలేని కుక్కను తలంచుకొను శక్తి కలదు. అప్పు, యజమాని కోపము, ఇంటికడ తల్లి జబ్బు, వీసా గడువు: ఇవి కరవవు, మొరగవు. అయినను హైపోథలామస్ వీనికిని అదే కబురు పంపును. పరుగెత్తుటకు వదలిన చక్కెర పరుగు లేక రక్తముననే తిరుగును. పెరిగిన రక్తపోటు దిగుటకు తీరిక దొరకదు. "చాలును" అను మాటను మెదడు సరిగా వినుట మానివేయును.

మాంట్రియలు నగరమున హాన్స్ సేల్యే అను పరిశోధకుడు 1936లో దీని మొదటి జాడను ప్రకటించెను. చలి, గాయము, అతిశ్రమ, విషము, ఏ బాధ పెట్టినను ఎలుకలలో మూడు మార్పులే కనబడెను: అధివృక్క గ్రంథులు ఉబ్బుట, నిరోధక శక్తికి ఆధారమైన థైమస్ గ్రంథి కృశించుట, జీర్ణాశయమున పుండ్లు పడుట. తరువాత బ్రూస్ మెక్యువెన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు, జ్ఞాపకశక్తికి నెలవైన హిప్పోకాంపస్ అను మెదడు భాగమునకు ఈ రసములు చేరుచున్నవని 1968లో చూపెను. ఆయనయే 1993లో ఎలియట్ స్టెల్లార్‌తో కలసి ఒక క్రొత్త భావమును ప్రతిపాదించెను. ఆపదకు తట్టుకొనుటకై దేహము చేయు సర్దుబాటు ఉచితముగా దొరకదు. మరల మరల చేసినచో అరుగుదల పేరుకొనును అని దాని సారము. దోహాలోని మిత్రుని భాషలో చెప్పవలెనన్న, దేహము తననుండి తానే అప్పు తీసికొనును. కొద్దినాళ్ళలో తీర్చినచో బాధ లేదు. తీర్చనిచో మిత్తి పెరుగును.

ఆ మిత్తి ఎచ్చట పడునో చెప్పుటకు ఒక పరిశోధన చాలును. మతి తప్పిన బంధువులకు ఏండ్ల తరబడి సేవ చేయుచున్న 13 మంది స్త్రీల చేతిపైనను, అట్టి భారము లేని 13 మంది చేతిపైనను వైద్యులు సమానముగా మూడున్నర మిల్లీమీటర్ల చిన్న గాయము చేసిరి. జానిస్ కీకోల్ట్ గ్లేజర్ బృందము 1995లో ప్రకటించిన ఫలితము: సేవ చేయువారి గాయము మానుటకు సుమారు తొమ్మిది దినములు ఎక్కువ పట్టెను. చింత మనస్సుననే యుండునని చెప్పువారికి ఆ తొమ్మిది దినములు సమాధానము.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలెను. "ఒత్తిడి యనగా కార్టిసాలు హెచ్చుట" అని పత్రికలలో తరచు వ్రాయుదురు. అది సగము మాట. వైద్యులు ఉబ్బసమునకో కీళ్ళవాతమునకో ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు నెలల తరబడి ఇచ్చినప్పుడు ముఖము గుండ్రమగుట, చక్కెర పెరుగుట, ఎముకలు పలుచనగుట మనలో పలువురము చూచియున్నాము. ఆ మాత్రలు కార్టిసాలుకు దాయాదులు. నిత్యచింతలో నంతటి హెచ్చు అరుదు. పెక్కుమందిలో చెడునది మొత్తము కాదు, దినచర్య. ఉదయము ఎక్కవలసినంత ఎక్కదు, రాత్రి దిగవలసినంత దిగదు. కొండవలె నుండవలసినది చదునగును. లండనులోని ప్రభుత్వోద్యోగులను 1985 నుండి పరిశీలించుచున్న రెండవ వైట్‌హాల్ పరిశోధనలో, ఇట్లు చదునైన వారిలో గుండెజబ్బు మరణములు ఎక్కువగా నుండినవని 2011లో తేలినది. మన ద్వీపమున మధుమేహము ఎంత విస్తారమో చెప్పనక్కరలేదు. దానికి చింతయే కారణమనుట తప్పు, ఆహారము, వంశము, శ్రమలేమి ముందు నిలుచును. కాని రాత్రి దిగని కార్టిసాలు ఇన్సులిను పనికి అడ్డు వచ్చుననుట నిజము.

ఇక దోహా మిత్రుని లెక్క చూతము. ఖతర్‌లో 2021 మార్చి 20 నుండి కనీస వేతనము నెలకు 1,000 రియాళ్ళు. యజమాని తిండి పెట్టనిచో 300, బస ఇయ్యనిచో 500 రియాళ్ళు అదనము. ఆనాటి మారకమున వేయి రియాళ్ళు సుమారు 22,500 రూపాయలు. భారతదేశపు చట్టము ప్రకారము విదేశమునకు పంపు ఏజెంటు 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు; ఖతర్ చట్టము కార్మికుని కడ నసలే పుచ్చుకొనరాదనుచున్నది. ఇతడు ఏజెంటు క్రింద ఏజెంటునకు చెల్లించుటకును, ఇంటి ఖర్చునకును కలిపి 2,00,000 రూపాయలు ఊరిలో మూడు రూపాయల మిత్తికి తెచ్చెను. అనగా నూటికి నెలకు మూడు; నెలకు 6,000 రూపాయలు వడ్డీకే పోవును. సంవత్సరమున 72,000. అసలు కదలదు. "పని చేస్తే రెట్ట నొప్పి పెడ్తది, పండుకుంటే పోతది. ఇది పండుకుంటే లేస్తది" అనెను. రెట్ట యనగా భుజమట.

ఆ మాటలో శాస్త్రము కలదు. జే వైస్ అను అమెరికా పరిశోధకుడు 1970 ప్రాంతమున రెండు ఎలుకల తోకలకు ఒకే తీగ ద్వారా సమానమైన విద్యుద్ఘాతము ఇచ్చెను. మొదటిదాని ముందు ఒక చక్రము. అది త్రిప్పినచో ఘాతము ఇరువురికిని ఆగును. రెండవదాని చేతిలో ఏమియు లేదు. బాధ సమానమే యైనను కడుపున పుండ్లు రెండవదానికే ఎక్కువగా పడెను. ఘాతమునకు ముందు గంట మ్రోగించి తెలిపినను పుండ్లు తగ్గెను. దేహమును అరగదీయునది శ్రమ యొక్కటియే కాదు. ఎప్పుడు ముగియునో తెలియకుండుట, ఆపుటకు చేతిలో చక్రము లేకుండుట దానికంటె చెరుపు.

చక్రము లేని బ్రతుకు మన కుటుంబములకు క్రొత్త కాదు. 1834 నుండి ఒప్పందపు కూలీలుగా మారిషస్‌కు వచ్చినవారిలో, కోరంగి రేవు పేరున కోరంగీలని పిలువబడిన మనవారును ఉండిరి. ఒక దినము పనికి రానిచో రెండు దినముల కూలి కోసివేయు రెట్టింపు కోత ఉండెడిది. 1867 చట్టము వలన, ఒప్పందము తీరిన పాత కూలీలు సైతము ఛాయాచిత్రము అంటించిన పాసు లేక కదలరాదయ్యెను. 1871లో అడాల్ఫ్ డి ప్లెవిట్జ్ సాయమున వేలమంది సంతకములు పెట్టి విన్నపము సమర్పించిరి; మరుసటి యేడు విచారణకు రాజకీయ సంఘము వచ్చెను. వలస కార్యాలయపు దస్తరములలో మన పూర్వీకుల యెత్తు, ఒంటిమీది మచ్చలు, ఊరు, కులము వ్రాసియున్నవి. రాత్రి నిద్ర పట్టెనా యని అడిగి వ్రాసినవారు లేరు. కార్టిసాలు అను పదార్థమును వేరుచేసి చూచునాటికి కూలిదిగుమతి ముగిసినది. కాన వారి దేహములలో నేమి జరిగెనో ఎవరును రుజువు చేయలేరు, ఊహింపవచ్చును, అంతే.

ఖతర్‌లో మాత్రము చక్రము కొంత చేతికి వచ్చినది. కఫాలా అను పూచీదారు పద్ధతిలో యజమాని అనుమతి లేక దేశము విడువరాదు, పని మారరాదు. 2018 చట్టము వలన పెక్కుమంది కార్మికులకు నిష్క్రమణ అనుమతి అవసరము తొలగెను. 2020 జనవరిలో ఇంటిపనివారికిని ఆ సౌకర్యము కలిగెను. అదే యేడు వెలువడిన చట్టముతో పని మారుటకు యజమాని పత్రము అక్కరలేకపోయెను. 2021 నుండి జూన్ 1 మొదలు సెప్టెంబరు 15 వరకు ఉదయము 10 గంటల నుండి మధ్యాహ్నము 3.30 వరకు ఆరుబయట పని నిషిద్ధము. ఎండ, తేమ, గాలి కలిపి కొలుచు సూచిక 32.1 డిగ్రీలు దాటిన ఏ దినమైనను పని ఆపవలెను. అమలులో లోపములు కలవని, యజమానులు పలువురు అడ్డుపడుచున్నారని 2022 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల తరువాతను మానవహక్కుల సంస్థలు వ్రాసినవి. అయినను చట్టమున చక్రముండుటకును లేకుండుటకును భేదము కలదు.

ఎండ సంగతి వేరుగా చూడవలెను. 2009 నుండి 2017 వరకు ఖతర్‌లో మరణించిన సుమారు 1,300 మంది నేపాలీ కార్మికుల వివరములు పరిశీలించిన వైద్యులు, వేడి పెరిగిన కొలది గుండెజబ్బు మరణములు పెరిగెనని 2019లో ప్రకటించిరి. అది ఉష్ణము చేయు హాని. కార్టిసాలు లెక్క కాదు. రెండింటిని కలిపివేసి, యువకుడు నిద్రలో మరణించిన ప్రతిచోట "టెన్షన్" అనుట వలన ఎండలో పని చేయించినవారికి తప్పించుకొను దారి దొరకును. వైద్యుడు టెన్షన్ తగ్గించుకొనుమనినప్పుడును నాకు ఇదే సందేహము కలిగినది. ఎవని చేతిలో లేని దానిని వానినే తగ్గించుకొనుమనుట ఏమి చికిత్స?

అప్పు ఒక్క మనిషినే మేల్కొలుపదు. జగిత్యాల పల్లెలో అతని భార్య వద్దకే వడ్డీ అడుగుటకు వత్తురు. చేతి గాయము ఆలస్యముగా మానిన ఆ సేవకురాండ్రవలె, ఆమెయు కనబడని భారము మోయుచున్నది. కొలత తీసికొనినచో ఎవరి కార్టిసాలు ఎక్కువ చదునైయుండునో చెప్పజాలను.

2024 ఆగస్టులో అతడు మా మేనకోడలి ద్వారా నాకు ఫోను చేసెను. అతని భార్య తమ ఊరి మహిళా సంఘము ద్వారా బ్యాంకు అప్పు తీసికొని, ఊరివాని అసలులో ముప్పాతిక తీర్చివేసెను. క్రొత్త అప్పునకు రూపాయి మిత్తియు లేదు. నెలనెలా కిస్తీ కలదు, ముగియు నెల పేరు కాగితముపై వ్రాసియున్నది. అప్పుడు నేను చదివినదంతయు, కుక్క మొదలు చక్రము వరకు, ఫోనులో చెప్పితిని. ఓపికగా విని, "గట్లనా సారూ" అనెను. నిద్ర ఎట్లున్నదని యడిగితిని.

"నిద్ర మంచిగనే పడుతున్నది. గోలి మాత్రం బంద్ కాలే. రక్తం ఇంక నమ్ముతలేదు కావచ్చు" అనెను.

రక్తనాళముల గోడలు ఏండ్ల తరబడి హెచ్చు ఒత్తిడికి అలవడి గట్టిపడిన పిమ్మట, చింత తొలగినను రక్తపోటు వెంటనే దిగకపోవచ్చును. కావున వైద్యునడుగక మాత్ర మానవలదని చెప్పితిని. సరేయనెను. కిస్తీ ఇంకను పదునెనిమిది నెలలున్నది.